సూరత్ ప్లేగు: చీపురు చేరని చోటు

సూరత్ నగరం గురించి మన పత్రికలూ, పోటీ పరీక్షల పుస్తకాలూ చెప్పే కథ ఒకటుంది. 1994 సెప్టెంబరులో ఆ నగరానికి ప్లేగు వచ్చింది. జనం లక్షల సంఖ్యలో ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది సమర్థుడైన మునిసిపల్ కమిషనర్ ఒకాయన వచ్చాడు. అధికారుల చేత చీపురు పట్టించాడు. దేశంలోకెల్లా మురికి నగరాల్లో ఒకటిగా పేరుపడ్డ ఊరు రెండేళ్లు తిరక్కముందే, 1996లో ఇన్‌టాక్ సంస్థ జరిపిన పరిశీలనలో, శుభ్రతలో చండీగఢ్ తర్వాతి స్థానానికి చేరింది. కథ కంచికి, మనం ఇంటికి.

ఈ కథలో అబద్ధమేమీ లేదు. సూరత్ నిజంగానే మారింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానం పంచుకునేదాకా వెళ్లింది. అయినా ఈ కథ చదివినప్పుడల్లా నాకొక వెలితి కనిపిస్తుంది. ప్లేగు సోకినవాడు చివరికి చేరింది వీధికి కాదు, ఆసుపత్రికి. అక్కడ అతనికి ఏం జరిగింది? అతన్ని ముట్టుకున్న నర్సు సంగతేమిటి? అతని కఫం నమూనా ఏ గాజుబుడ్డిలో, ఏ పేరుతో, ఎక్కడికి వెళ్లింది? మన కథలో చెత్త లారీల లెక్క ఉంది, ఎలుకల ప్రస్తావన ఉంది. వార్డు మాత్రం లేదు.

ఆ ఏడాది నాకు పదేళ్లు. మాది వరంగల్ వైపు. మా వీధిలో సగం ఇళ్లు పద్మశాలీలవి, ఆ సగంలో సగం ఇళ్లకు సూరత్‌లోనో భివండిలోనో ఒక మనిషి ఉండేవాడు. సూరత్ లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయంటే, అక్కడి కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. ఆ సెప్టెంబరు చివర మా వీధికి ఒక కాక తిరిగివచ్చాడు. మమ్మల్ని ఆ ఇంటి వైపు పోనివ్వలేదు. చాలా ఏళ్ల తర్వాత అడిగితే చెప్పాడు: అక్కడ ఒక దవాఖానాలో రెండు రోజులు ఉన్నాడట. కాగితంలో చుట్టి మాత్రలు ఇచ్చారట. "ఏం మందో చెప్పలే, నేనడగలే. పక్క మంచం మీదోనికి ఏమైందో చెప్పలే. మూడోనాడు పొద్దున అందరు ఉరుకుతుంటె నేను గూడ ఉరికిన" అన్నాడు. జ్వరంతో ఉన్న మనిషి ఆసుపత్రి నుంచి పారిపోయి రైలెక్కాడంటే, అతని దృష్టిలో ఆసుపత్రి రైలు పెట్టె కన్నా ప్రమాదకరమైన చోటన్నమాట. ఈ అభిప్రాయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనలేను.

ఆ సెప్టెంబరులో వార్డులు

1994 ఆగస్టు చివర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గజ్జల్లో బిళ్లలు కట్టే బ్యుబోనిక్ ప్లేగు కనిపించింది. సెప్టెంబరు మొదటి పక్షంలో తపతి నదికి వరద వచ్చి సూరత్‌లోని పల్లపు వాడలు నీట మునిగాయి. 21వ తేదీ ప్రాంతంలో వేడ్ రోడ్డు పరిసరాల నుంచి ఆసుపత్రులకు వచ్చిన రోగులు గంటల వ్యవధిలో చనిపోవడం మొదలైంది. తీవ్ర జ్వరం, దగ్గు, కఫంలో నెత్తురు. ఇది ఊపిరితిత్తుల ప్లేగు, న్యుమోనిక్ రకం. బ్యుబోనిక్ రకం వ్యాపించాలంటే ఎలుక, దాని మీద ఈగు ఉండాలి. న్యుమోనిక్ రకానికి ఆ మధ్యవర్తులు అక్కర్లేదు. రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరలే చాలు. చికిత్స లేకపోతే దాదాపు అందరూ మరణిస్తారు. లక్షణాలు కనిపించిన 24 గంటల్లోగా స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వంటి మందు పడితే చాలామంది బతుకుతారు.

ఈ నాలుగు వాక్యాల జ్ఞానం అప్పటికే పుస్తకాల్లో ఉంది. మన దేశంలో మనుషులకు ప్లేగు సోకినట్టు చివరిసారి నిర్ధారణ అయింది 1966లో. అంటే ఆ రాత్రి వార్డులో ఉన్న యువ వైద్యుల్లో ఒక్కరూ తమ జీవితంలో ప్లేగు రోగిని చూసి ఉండరు. చూడని జబ్బును గుర్తుపట్టకపోవడం నేరం కాదు. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. ఏ జబ్బయినా సరే, దగ్గుతూ నెత్తురు కక్కుతూ వచ్చిన రోగిని వేరుగా ఉంచడానికి గది ఉందా? ముట్టుకునేవారికి మూతి ముసుగు ఉందా? మందు వేయకముందే నమూనా తీయాలన్న నియమం గోడ మీద కాక చేతిలో ఉందా?

చివరి ప్రశ్నను విద్యార్థులు కాస్త ఆగి గమనించాలి. సూరత్‌లో టెట్రాసైక్లిన్ మాత్రలు పప్పుబెల్లాల్లా పంచిపెట్టారు. అది ప్రాణాలు కాపాడింది, సందేహం లేదు. అయితే అదే మందు రక్తంలో చేరాక తీసిన నమూనాల్లో బాక్టీరియా పెరగడం కష్టం. సరిగ్గా తీసిన నమూనాలు తక్కువ, వాటిని పెంచి పరీక్షించగల ప్రయోగశాలలు ఇంకా తక్కువ. ఫలితంగా, ఇది ప్లేగేనా అన్న వాదం దేశ విదేశాల్లో ఏళ్ల తరబడి సాగింది. ప్రభుత్వం ఒక సాంకేతిక సలహా సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షుడు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసిన వులిమిరి రామలింగస్వామి. ఇది ప్లేగేనని ఆ సంఘం 1995లో తేల్చింది. అప్పటికీ సందేహాలు పూర్తిగా పోలేదు. హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు బాక్టీరియా జన్యుపదార్థాన్ని చదివి, ఇది యెర్సీనియా పెస్టిస్ అని 2000లో ప్రచురించారు. ఆరేళ్లు! ఇందులో మన శాస్త్రజ్ఞుల ఘనతను మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కానీ ఆ ఘనత అవసరమైనదే మంచం పక్కన మొదటి రోజుల్లో జరిగిన లోపం వల్ల అన్నమాట ఎవరూ రాయరు.

మొత్తం దేశంలో అనుమానిత కేసులు ఏడు వందల లోపు, మరణాలు యాభైకి కొంచెం పైన. ఎక్కువ మరణాలు సూరత్‌లోనే. నాలుగైదు రోజుల్లో నగరం విడిచినవారు కనీసం మూడు లక్షలు. వారిలో ప్రైవేటు వైద్యులూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ సంగతి పత్రికలు ఘాటుగానే రాశాయి. "వైద్యో నారాయణో హరిః" అన్న మాటను ఎత్తిపొడుపుగా వాడుకున్నవారూ ఉన్నారు. ప్రభుత్వ సివిల్ ఆసుపత్రిలో జూనియర్ వైద్యులూ నర్సులూ నిలబడి పనిచేశారు. నిలిచినవారు వీరులు, పారిపోయినవారు పిరికివారు అని ముగించడం రాసేవాడికి సులువు. నాకు ఈ పంపకం మీద నమ్మకం లేదు. ముసుగూ, వేరు గదీ, ముందుజాగ్రత్త మందూ, నిజమైన సమాచారమూ ఇవ్వని చోట నిలబడమని అడగడం ధైర్యాన్ని వ్యవస్థకు బదులుగా వాడుకోవడమే. సిబ్బందికి భద్రత లేని వార్డులో రోగికి భద్రత ఎక్కడి నుంచి వస్తుంది?

కమిషనర్ చూడగలిగినది, చూడలేనిది

ఇక చీపురు సంగతి. 1995 మే నెలలో సూరత్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఇంటిపేరు సూర్యదేవర. తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన నగరాన్ని ఆరు మండలాలుగా విడదీసి, ఒక్కో మండలానికి ఒక్కో అధికారిని పెట్టి, కమిషనర్‌కు ఉండే అధికారాల్లో చాలా భాగం వారికి ఇచ్చాడు. పొద్దున్నే అందరూ వీధుల్లో ఉండాలి. మధ్యాహ్నం కూర్చుని ఆ రోజు చూసిందేమిటో, చేసిందేమిటో చెప్పాలి. ఏసీ గదుల నుంచి రోజువారీ పనుల్లోకి అన్న అర్థంలో 'ఏసీ నుంచి డీసీకి' అని ఆయన చెప్పిన మాట అప్పట్లో బాగా ప్రచారమైంది. చెత్త పడేస్తే జరిమానా. మురికి హోటళ్లకు తాళాలు. జ్వరాల లెక్కలు ఆసుపత్రుల నుంచి క్రమం తప్పకుండా కార్పొరేషన్‌కు చేరే ఏర్పాటు.

దీన్ని మెచ్చుకున్నవారంతా ఆయన కాఠిన్యాన్ని మెచ్చుకున్నారు. నా దృష్టిలో అసలు విషయం అది కాదు. చెత్త ఏ రోజుకారోజు లెక్కకు రావడం, ఎత్తవలసిన మనిషికి ఎత్తించే అధికారం చేతిలో ఉండటం: ఈ రెండూ ముఖ్యం. జరిమానా వాటికి తోడు మాత్రమే.

సరే, ఇదే పద్ధతిని ఆసుపత్రిలో పెడితే? చాలామంది నిర్వాహకులు అలాగే ఆలోచిస్తారు. తనిఖీలు, జరిమానాలు, సస్పెన్షన్లు. ఇక్కడే ఒక తేడా ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట కూడా అదే. వీధిలో చెత్త కమిషనర్ కంటికి కనిపిస్తుంది. కుప్ప తానుగా దాక్కోలేదు. ఆసుపత్రిలో జరిగే పొరపాటు, చేసినవారికి తప్ప చాలాసార్లు ఎవరికీ కనిపించదు. అర్ధరాత్రి రెండు గంటలకు నర్సు ఒక ఇంజెక్షన్ తీసి, చివరి క్షణంలో చీటీ చూసి, ఇది పక్క మంచం వారిదని గ్రహించి ఆగిపోయిందనుకుందాం. ఎవరికీ ఏ హానీ జరగలేదు. ఆ సంగతి ఆమె చెబితే, ఆ రెండు మందుల బుడ్లు ఒకే రంగులో, ఒకే అరలో ఉన్నాయని తెలుస్తుంది. చెప్పకపోతే వచ్చే నెల ఇంకొక నర్సు ఆగకపోవచ్చు. భయం వీధిని శుభ్రం చేయగలదేమో గాని వార్డులో నోరు మూయిస్తుంది. నోరు మూసుకున్న వార్డు పైకి ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది.

ఆ బుడ్ల ఉదాహరణ ఊరికే చెప్పింది కాదు. గాఢమైన పొటాషియం క్లోరైడ్ ద్రావణాన్ని నీటిలో కలిపి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి పంపితే గుండె ఆగుతుంది. చూడటానికి అది శుభ్రమైన నీళ్ల బుడ్డిలాగే ఉంటుంది. నర్సులను జాగ్రత్తగా ఉండమని చెప్పడం ఒక పరిష్కారం. ఆ గాఢ ద్రావణాన్ని మామూలు వార్డు అరలోనే లేకుండా చేయడం రెండో పరిష్కారం. ప్రపంచవ్యాప్తంగా రుజువైంది రెండోదే.

మా కాక మరమగ్గం ముందు నిలబడి పనిచేసినవాడు. మరమగ్గంలో పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగే చిన్న ఏర్పాటు ఉంటుంది. తెగిన పోగును ఎవరూ తిట్టరు. ముడి వేసి మళ్లీ నడుపుతారు. ఒకే సాంచాలో రోజూ తెగుతుంటే నూలు నాణ్యతనో, బిగువునో చూస్తారు. సూరత్ మగ్గాల షెడ్లలో ఉన్న ఈ పాటి తెలివి ఆసుపత్రుల్లోకి రావడానికి ఎందుకింత కాలం పడుతోంది?

ముల్కోవాల్ సీసా

దీనికి జవాబు కోసం ప్లేగు చరిత్రలోనే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. వాల్డెమార్ హాఫ్కిన్ పేరు మీరు విని ఉంటారు. ఒడెస్సాలో పుట్టిన యూదు శాస్త్రజ్ఞుడు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక చిన్న ప్రయోగశాలలో టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. అయిదేళ్లలో ఆ టీకా లక్షల మందికి చేరింది.

1902 అక్టోబరు 30న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేశారు. వారం తిరిగేసరికి వారిలో 19 మందికి ధనుర్వాతం వచ్చింది. అందరూ చనిపోయారు. ఆ పంతొమ్మిది మందికీ మందు ఒకే సీసా నుంచి వచ్చింది. ఆ సీసా సంఖ్య 53 ఎన్.

ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. అంతకుముందు మందును శుద్ధి చేయడానికి కార్బాలిక్ ఆమ్లం కలిపేవారు. హాఫ్కిన్ ప్రయోగశాలలో దాన్ని మాని వేడితో శుద్ధి చేసే పద్ధతికి మారారు. సంఘానికి అది దొరికింది. సీసా బొంబాయిలోనే కలుషితమైందని తేల్చింది. హాఫ్కిన్ పదవి పోయింది. ఆయన ఇంగ్లండు వెళ్లిపోవలసి వచ్చింది.

సాక్ష్యాల్లో మరో సంగతి ఉంది. ముల్కోవాల్‌లో ఆ సీసా బిరడా తీస్తున్నప్పుడు సహాయకుడి చేతిలోని పటకారు నేలమీద పడింది. దాన్ని సరిగా శుద్ధి చేయకుండానే మళ్లీ వాడారు. ధనుర్వాతపు బాక్టీరియా మట్టిలో ఉంటుందని మీకు తెలిసిందే. పైగా, బొంబాయిలోనే కలుషితమై ఉంటే, వారాల తరబడి మూసి ఉన్న సీసాలో అవి పెరిగి, తెరవగానే దుర్వాసన రావాలి. రాలేదు. సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్న రోనాల్డ్ రాస్ మొదలైనవారు 1907లో లండన్ టైమ్స్ పత్రికలో హాఫ్కిన్ పక్షాన గట్టిగా రాశారు. ఆ ఏడాదే ఆయన నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకుంది. 1925లో బొంబాయి సంస్థకు ఆయన పేరు పెట్టారు.

ఈ ఉదంతాన్ని సైన్సు పుస్తకాలు ఒక మహానుభావుడికి జరిగిన అన్యాయంగా, ఆలస్యంగా దక్కిన న్యాయంగా చెబుతాయి. నేనూ ఒకప్పుడు అలాగే అనువదించాను. ఇప్పుడు చదువుతుంటే ఆ ముగింపు నాకు రుచించడం లేదు. నింద హాఫ్కిన్ నెత్తి మీది నుంచి దిగి ఎక్కడికి పోయింది? పటకారు జారవిడిచిన సహాయకుడి నెత్తి మీదికి. 1902లో గాని 1907లో గాని అడిగిన ప్రశ్న ఒకటే: ఎవరు? ఒక్క సీసా మందును అంతమందికి ఎందుకు వేయాలి, చెట్టు కిందో పాకలోనో పనిచేసే బృందానికి రెండో పటకారు ఎందుకు లేదు, పడిన పనిముట్టును పక్కన పెట్టి పని ఆపే హక్కు ఆ సహాయకుడికి ఉందా అన్న ప్రశ్నలు వెనకే ఉండిపోయాయి.

తప్పు, పొరపాటు

అనువాదకుడిగా ఇక్కడ ఒక చిన్న పిడకల వేట. ఈ విషయం మీద ఇంగ్లీషులో వాడే ఒకే మాటకు తెలుగులో కనీసం రెండున్నాయి. ఒకటి తప్పు. రెండోది పొరపాటు. లెక్కలో తప్పు అంటాం నిజమే, కానీ మన ఊళ్లలో తప్పు అంటే జరిమానా కూడా. కులపెద్దలు తప్పు వేస్తారు, తప్పు కట్టించుకుంటారు. నేరమూ, దాని వెలా ఒకే మాటలో ఇమిడిపోయాయి. పొరపాటుకు ఆ బరువు లేదు. అది చేయి జారడం, కన్ను మరవడం. ఆసుపత్రుల మీద తెలుగులో వచ్చే వార్తలు చూడండి. 'వైద్యుల తప్పిదం', 'నిర్లక్ష్యం' తప్ప మూడో మాట ఉండదు. నిర్లక్ష్యం ఉన్నచోట ఆ మాట అనవలసిందే. తాగివచ్చి శస్త్రచికిత్స చేసినవాణ్ణి ఏ సిద్ధాంతమూ కాపాడకూడదు. కానీ అన్నిటినీ ఆ ఒక్క గంపలో వేయడం వల్ల విలేఖరులమైన మనం కూడా వార్డులను మూగవి చేస్తున్నాం.

మన న్యాయస్థానాల్లోనూ ఈ చిక్కు కనిపిస్తుంది. 1995 ఫిబ్రవరిలో లూధియానాలో ఒక ఆసుపత్రిలో ఊపిరాడక బాధపడుతున్న వృద్ధ రోగికి ఆక్సిజన్ సిలిండరు తగిలించారు. అది ఖాళీ. పక్క గది నుంచి ఇంకొకటి తెచ్చి బిగించేలోగా కొన్ని నిమిషాలు గడిచాయి. రోగి మరణించాడు. వైద్యుల మీద క్రిమినల్ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. జేకబ్ మాథ్యూ కేసు అంటారు. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప వైద్యుణ్ణి నేరస్థుడిగా విచారించరాదని, సిలిండరు ఖాళీగా ఉన్నందుకు ఆసుపత్రి సివిల్ చట్టం కింద బాధ్యత వహించవలసి రావచ్చునని 2005 ఆగస్టులో కోర్టు తీర్పు చెప్పింది. చట్టం దృష్టితో చూస్తే సబబే. అయితే పదేళ్ల విచారణ అంతా ఆ వైద్యుడు దోషా, కాదా అన్నదాని చుట్టూ తిరిగింది. సిలిండరులో గాలి ఎంత ఉందో రోజూ పొద్దున ఎవరు చూడాలి, చూసి ఎక్కడ రాయాలి? రోగికి కావలసిన జవాబు అది. దాన్ని ఇవ్వడం ఏ కోర్టు పనీ కాదు, ఆసుపత్రి పని.

ఇక మా వరంగల్. 2022 మార్చి చివర ఎంజీఎం ఆసుపత్రిలో, అదీ ఇంటెన్సివ్ కేర్ విభాగంలో, కదలలేని స్థితిలో ఉన్న రోగిని ఎలుకలు కరిచాయి. అప్పటికే అతని జబ్బు తీవ్రమైనది. హైదరాబాదు నిమ్స్‌కు తరలించాక చనిపోయాడు. అంతకుముందు 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరిచిన పసికందు మరణించాడు. వరంగల్ సంఘటన మీద ప్రభుత్వం వెంటనే చర్య తీసుకుంది: సూపరింటెండెంట్ బదిలీ, ఇద్దరు వైద్యుల సస్పెన్షన్. ఎలుక ఐసీయూలోకి రావడానికి మురుగు కాలువ ఉంది, గోడ కన్నం ఉంది, రోగుల బంధువులు తినడానికి వేరే చోటు లేకపోవడం ఉంది. వీటిలో ఏది ఆ ఇద్దరు వైద్యుల చేతిలో ఉందో నాకు అర్థం కాలేదు. ఎలుకల వల్ల అల్లాడిన సూరత్ నుంచి మనం నేర్చుకున్నదేమిటి? అక్కడ కాలువ బాధ్యత ఎవరిదో వారికి అధికారం ఇచ్చారు. ఇక్కడ అధికారం లేనివారికి శిక్ష ఇచ్చారు.

లెక్క పెరిగితే మంచిదే

ఇదంతా మన దేశపు జాడ్యమే అనుకోవద్దు. అమెరికాలో వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది మరణిస్తున్నారని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో అంచనా వేసినప్పుడు ఆ దేశం ఉలిక్కిపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో వైద్యం పొందే ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఆ వైద్యం క్రమంలోనే ఏదో ఒక హాని కలుగుతోంది. అందులో సగానికి పైగా నివారించగలిగినదే.

విమానయానంలో దీనికి దారి ముందే దొరికింది. 1976 నుంచి అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను, తృటిలో తప్పిన ప్రమాదాలను పేరు బయటపడకుండా చెప్పుకునే ఏర్పాటు నడుస్తోంది. నివేదికలు కుప్పలుగా వస్తాయి. అవి ఎక్కువ రావడమే ఆరోగ్య లక్షణం. ఆసుపత్రుల విషయంలో మనం దీనికి సరిగ్గా తలకిందులుగా ఆలోచిస్తాం. ఒక ఆసుపత్రి ఏడాదిలో 500 పొరపాట్లు నమోదు చేసి, పక్కది సున్నా చూపిస్తే మీరు దేనిలో చేరతారు? నేనైతే మొదటిదానిలో.

శస్త్రచికిత్సకు ముందూ వెనకా బృందమంతా ఆగి, రోగి పేరు, చేయబోయే చికిత్స, ఏ వైపు, లెక్కపెట్టిన గుడ్డలు, సూదులు అంటూ 19 అంశాలను బిగ్గరగా సరిచూసుకునే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. ఫలితాలు 2009లో వెలువడగానే ఒక కాగితం ముక్క ఇంత పనిచేస్తుందా అని అందరూ ఆశ్చర్యపోయారు. అయిదేళ్ల తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, పట్టిక తప్పనిసరి చేశాక చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. రెండు అధ్యయనాలూ మంచి పత్రికలోనే వచ్చాయి. ఈ తేడాకు కారణాలు పలువురు పలు విధాలుగా చెప్పారు. గడుల్లో గుర్తులు పెట్టడం వేరు, "ఆగండి సార్, ఇది కుడి కాలు" అని కొత్తగా చేరిన నర్సు పెద్ద సర్జన్‌తో అనగలగడం వేరు అన్న వివరణ నాకు సరైనదిగా తోస్తుంది. మన ఆసుపత్రుల్లో 'సార్' అన్న పిలుపు తర్వాత 'ఆగండి' అన్న మాట ఎంత కష్టమో నర్సింగ్ చదివే విద్యార్థులను అడిగితే చెబుతారు.

సూరత్ వంటి వలస నగరంలో ఇంకో సమస్య తోడవుతుంది. ఒడియా, మరాఠీ, హిందీ, తెలుగు మాట్లాడే రోగులు, గుజరాతీ మాట్లాడే సిబ్బంది. ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములుంటే పేరు పిలిచినప్పుడు ఎవరో ఒకరు తలూపుతారు. అందుకే రోగిని రెండు గుర్తులతో, అంటే పేరుతోపాటు పుట్టిన తేదీతోనో, ఆసుపత్రి నంబరుతోనో పోల్చుకోవాలన్న నియమం వచ్చింది. ఖర్చు లేని పని. మీరు ఈసారి రక్తపరీక్షకు వెళ్లినప్పుడు గమనించండి. గాజు గొట్టం మీద చీటీ మీ ముందే అతికించారా, లేక నాలుగు గొట్టాలు నింపుకుని వెళ్లి తర్వాత రాసుకున్నారా? రెండోదైతే అడగండి. అది మర్యాద తప్పడం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి 2025 వరకు కాలానికి రోగి భద్రత మీద ఒక జాతీయ ప్రణాళికను ప్రకటించింది. పొరపాట్లను నిందలేని పద్ధతిలో నమోదు చేయాలని అందులో ఉంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచే నడుస్తోంది. దానికి రోగులు కూడా నేరుగా రాయవచ్చు. కాగితం మీద మనం మరీ వెనకబడి లేము.

రెండేళ్ల కిందట ఒక ఆసుపత్రి వారు తమ సిబ్బంది కోసం సంఘటనల నమోదు పత్రాన్ని తెలుగులోకి మార్చిపెట్టమని అడిగారు. అందులో మొట్టమొదటి గడి: 'బాధ్యుడి పేరు, ఉద్యోగం'. ఏం జరిగిందన్నది మూడో గడిలో, ఒకే ఒక్క గీత మీద. మొదటి గడి తీసేసి మూడోదాన్ని పైకి తెచ్చి, రాయడానికి అర పేజీ ఇవ్వమని ఉత్తరం రాశాను. అనువాదకుడికి అక్కర్లేని సలహా అని నాకూ తెలుసు. మంచి సూచన, పరిశీలిస్తామని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. అచ్చయిన పత్రం ప్రతి ఒకటి పంపారు కూడా. గడి అక్కడే ఉంది.